ఎస్టిమేట్ ఒక్క నంబరా, మూడు నంబర్లా?

బెంగళూరులోని మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో మనోళ్ళు చాలామంది పనికి ఎన్ని రోజులు పడుతుందని మేనేజర్ అడగ్గానే "ఆరు రోజులండి" అని ఒక్క నంబర్ చెప్పేస్తారు, పాత పనే మళ్ళీ చేస్తుంటే అది చాలు కూడా. కానీ కొత్త పేమెంట్ గేట్‌వే కలపాలి, బ్యాంకు వాళ్ళు టెస్ట్ అకౌంట్ ఎప్పుడిస్తారో తెలీదు అన్నప్పుడు మాత్రం మూడు అంచనాలు కలిపి ఒక సగటు తీసే పెర్ట్ (PERT) పద్ధతే వాడండి, 1958లో అమెరికా నేవీ పొలారిస్ క్షిపణి ప్రోగ్రామ్ కోసం పుట్టింది ఇది. అన్నీ కలిసొస్తే 4 రోజులు, మామూలుగా 6, అడ్డం తిరిగితే 14 అనుకోండి, మధ్యదాన్ని నాలుగుతో గుణించి మూడూ కలిపి ఆరుతో భాగిస్తే 7 వస్తుంది. ఒక్క రోజేగా తేడా అనకండి, ఆ 14 ఎందుకొచ్చిందో ముందే రాసిపెట్టడమే అసలు లాభం, క్లయింట్‌తో డబ్బులు మాట్లాడేటప్పుడు అదే చూపించొచ్చు. ఖర్చుకీ ఇదే లెక్క.