విల్డే నవలల్లో ముందు ఏది? ‘చలి దేశానికి’నా, ‘మాహ్త్రా యుద్ధం’నా?

ఎస్టోనియా రచయిత ఎడ్వార్డ్ విల్డేను చదువుదాం అనుకునేవాళ్లకు ‘మాహ్త్రా యుద్ధం’ (1902) పేరే ముందు వినబడుతుంది. నన్నడిగితే 1896లో వచ్చిన ‘చలి దేశానికి’తో మొదలుపెట్టమంటాను.

మాహ్త్రా గొప్ప నవల, అందులో రెండో మాట లేదు. ఎస్టోనియా రైతులకు 1816లోనే బానిసత్వం పోయిందన్నారు గానీ భూమి మాత్రం జర్మన్ దొరల చేతుల్లోనే ఉండిపోయింది, దాంతో దున్నుకునే చెక్కకు కౌలుగా దొర పొలంలో వెట్టి చేయడం తప్పలేదు. కొత్త చట్టం వచ్చింది కదా, కోతలప్పుడు చేసే అదనపు చాకిరీ ఇక లేదని రైతులు నమ్మారు, దొరలు కుదరదన్నారు, అది ముదిరి 1858లో మాహ్త్రా అనే ఊళ్లో రైతులు సైనికుల మీదే తిరగబడ్డారు. ఆ రోజులు కళ్లారా చూసిన ముసలివాళ్లను కలిసి, వాళ్లు చెప్పింది విని మరీ రాశాడు విల్డే. దొర పిల్లలకు చదువు చెప్పడానికి స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన జూలియెట్ పాత్ర నాకు చాలా నచ్చింది, ఆ ఇంట్లో అందరికీ మామూలైపోయిన క్రూరత్వం ఆమెకు మామూలుగా అనిపించదు. కాకపోతే పుస్తకం పెద్దది, మనుషులు బోలెడు, ఆ చట్టం గొడవ కాస్త తెలిస్తేగానీ కథలో టెన్షన్ మనకు అంటదు.

‘చలి దేశానికి’కి ఆ ఇబ్బంది లేదు. జాన్ అనే కుర్రాడికి సెంటు భూమి లేదు, ఇంట్లో ఆకలి, మంచివాడే కానీ మెల్లగా ఒక దొంగ సావాసంలో పడి చివరికి సైబీరియా శిక్షకు వెళ్తాడు. ఇక్కడ జాన్‌ను తొక్కేది పరాయి దొర ఒక్కడే కాదు, సొంత ఊళ్లో భూమి ఉన్న ఎస్టోనియా ఆసాములు కూడా. మనమంతా ఒకటే జాతి అని ఎస్టోనియా జాతీయ ఉద్యమం గొంతెత్తి చెప్పిన కొద్ది దశాబ్దాలకే ఈ మాట రాయడానికి ధైర్యం కావాలి, నా ఓటు దీనికి పడింది అందుకే. జాన్ మరీ మంచివాడిగా కనిపిస్తాడు, ఏడిపించే చోట్లు కొన్ని ఎక్కువయ్యాయి, నిజమే. అయినా దొంగతనం వెనకున్న ఆకలిని ఇంత దగ్గరగా చూపించాక ఆ లోపాలు నాకు పెద్దగా అడ్డు రాలేదు.

ఫ్యాక్టరీ బతుకుల మీద ఆసక్తి ఉంటే రెండోది ‘ఇనుప చేతులు’ (1898) పట్టుకోండి, అది నార్వా అనే పట్టణంలో బట్టల మిల్లు కార్మికుల కథ. మాహ్త్రాను ఆ తర్వాత తీరిగ్గా చదవొచ్చు.