గొంతులోని గరగరను పట్టించిన ప్రాట్: ఒక గాయని సమీక్ష

ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్‌మా, డేవిడ్ వీనింక్ రూపొందించిన ప్రాట్ ఉచిత సాఫ్ట్‌వేర్. భాషా ధ్వనులను పరిశోధించేవారి కోసం తయారైన ఈ సాధనాన్ని నేను కొన్నేళ్లుగా లలిత సంగీత సాధనలో వాడుతున్నాను. గొంతులో దొర్లే అక్కరలేని చప్పుళ్లను గుర్తించడానికీ, నిలిపి పాడే స్వరంలోని వైబ్రాటోను, అంటే శ్రుతిలో వచ్చే చిన్న అలల్లాంటి ఊపును, తీర్చుకోవడానికీ ఇంతగా ఉపకరించిన సాధనం నాకు మరొకటి కనిపించలేదు.

పాడేవారికి తమ గొంతు పుర్రె ఎముకల గుండా కూడా వినిపిస్తుంది కనుక, అందులోని జీర చాలాసార్లు వారి చెవికి అందదు. ప్రాట్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ధ్వనిలోని పౌనఃపున్యాలను కాలానుగుణంగా చూపే చిత్రం) విండో నిడివిని 0.005 సెకన్ల నుంచి 0.03 సెకన్లకు మారిస్తే, స్వరంలోని హార్మోనిక్‌లు (మూల పౌనఃపున్యానికి గుణిజాలుగా ఉండే ధ్వనులు) అడ్డగీతలుగా విడివిడిగా కనిపిస్తాయి. గాలి ఎక్కువగా పోతున్నచోట ఆ గీతల మధ్య బూడిదరంగు పొర అలుముకుంటుంది. నాది ఐదు శ్రుతి, అంటే నా షడ్జం పాశ్చాత్య G స్వరం. మంద్ర పంచమంలో (కింది స్థాయి 'ప'లో) చరణం ముగించే ప్రతిచోటా చివరి అక్షరం మీద, ప్రాట్ గీసే శ్రుతి గీత ఉన్నట్టుండి తెగిపోవడమో, సగానికి పడిపోవడమో గమనించాను, అదే గరగర. ఊపిరి అయిపోతున్నా స్వరాన్ని లాగడమే దానికి కారణమని తేలాక, ఒక మాట ముందే ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకున్నాను. సాధనకు ముందు గ్లాసు నీళ్లలో రెండు మూడు సెంటీమీటర్ల లోతున స్ట్రా ముంచి, బుడగలు వచ్చేలా ఊదుతూ స్వరాలు పలికించడం మొదలుపెట్టాను. నోటిలో ఏర్పడే ఆ స్వల్ప ఒత్తిడి వల్ల స్వరతంత్రులు ఒకదానినొకటి గట్టిగా కొట్టుకోకుండా కంపిస్తాయి. క్రమంగా బూడిదరంగు పొర పలచబడడం తెర మీదే స్పష్టంగా కనిపించింది.

వైబ్రాటో విషయంలో ఇది ఇంకా విలువైనది. నిలిపిన స్వరంలో ఒక సెకను భాగాన్ని ఎంచుకుని, శ్రుతి గీతలోని అలలను లెక్కపెడితే చాలు. సాధారణంగా సెకనుకు ఐదు నుంచి ఏడు అలలు చెవికి హాయిగా ఉంటాయి. అంతకు తగ్గితే స్వరం ఊగిసలాడుతున్నట్టు, మించితే మేక అరుపులా వినిపిస్తుంది. నా గీతలో నాలుగే అలలు ఉండేవి, అవీ ఎగుడుదిగుడుగా. గడ్డం మీద వేలు ఆనించి పాడి చూస్తే ప్రతి అలకూ దవడ కదులుతోందని తెలిసింది. దవడను, నాలుక మొదలును వదులుగా ఉంచి 'ఊ' కారంతో సాధన చేస్తూ వచ్చాక అలలు సమంగా, కొంచెం వేగంగా మారాయి. వైబ్రాటోను పొట్టతో తోసి తెప్పించడం కంటే బిగువును తీసివేసి దానంతట అది రానివ్వడమే మేలని నా దృఢాభిప్రాయం.

కర్ణాటక సంగీతం నేర్చినవారు ఇక్కడ ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. తోడి రాగపు గాంధారంలోని కంపితం (స్వరాన్ని ఊపి పాడే గమకం) రాగ స్వరూపంలో భాగం. దానిని వైబ్రాటో లెక్కలతో కొలవకూడదు. నిలకడగా పాడవలసిన శంకరాభరణ గాంధారంలో అనుకోని వణుకు కనిపిస్తే మాత్రం సరిదిద్దుకోవలసిందే.

లోపాలూ ఉన్నాయి. శ్రుతి గీత ఒకే గొంతుకు ఉద్దేశించినది కనుక తంబురా కలిస్తే తప్పు చూపిస్తుంది. తంబురాను ఇయర్‌ఫోన్‌లో వింటూ గొంతును మాత్రమే రికార్డు చేయాలి. ప్రాట్ శ్రుతిని వెతికే కింది, పై హద్దులను కూడా గొంతుకు తగినట్టు మార్చుకోవాలి. ఐదు శ్రుతిలో తార పంచమం (పై స్థాయి 'ప') సుమారు 590 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది కనుక నేను పై హద్దును 700గా ఉంచుతాను. ఫోనులో రికార్డు చేస్తే, అందులోని శబ్ద నివారణ సౌకర్యం మనం వెతికే చప్పుళ్లనే చెరిపేస్తుంది కాబట్టి దానిని ఆపివేయడం తప్పనిసరి. కంప్యూటరు లేనివారికి ఇది అక్కరకు రాదు, తొలి రోజుల్లో మెనూలు గందరగోళపరుస్తాయి. నాలుగు వారాలు దాటినా జీర తగ్గనివారు తెర మీది గీతలను నమ్ముకోకుండా చెవి, ముక్కు, గొంతు వైద్యుని చేత స్వరపేటికను పరీక్ష చేయించుకోవాలి.