కార్తీకంలో చెరువుల చుట్టూ: వడ్డేపల్లి నుంచి లక్నవరం దాకా

వరంగల్ జిల్లా నర్సంపేటలో మేం దిగిన లాడ్జికి రాత్రి పూట షట్టర్ దించి తాళం వేస్తారని మాకు తెలియదు. పొద్దున అయిదున్నరకు బైనాక్యులర్ మెడలో వేసుకుని కిందికి దిగితే అంతా చీకటి. తాళంచెవి ఉన్న మనిషి ఏ గదిలో పడుకున్నాడో తెలియదు. రాత్రి రాసిచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే, ఆ ఫోను రిసెప్షన్ టేబుల్ సొరుగులో మోగింది. మా అన్న కొడుకు మెట్ల మీద చతికిలబడి, "చిన్నబాపూ, పిట్టలు మనకోసం ఆగుతయా?" అన్నాడు. వాడికి జవాబు తెలుసు, నాకూ తెలుసు. ఆరుంబావుకు ఎవరో పాలప్యాకెట్ల అబ్బాయి బయటి నుంచి షట్టర్ బాదితే గానీ మాకు విడుదల దొరకలేదు.

గది బాగానే ఉంది, నిజం చెప్పాలి. దుప్పట్లు ఉతికినవే, గీజర్ పనిచేసింది, ఎనిమిది వందలకు అంతకంటే ఆశించకూడదు. తప్పు మాది కూడా. ఏసీ ఉందా, బండి పెట్టుకోవడానికి జాగా ఉందా అని అడిగాం కానీ పొద్దున తలుపు ఎన్నింటికి తీస్తారని అడగలేదు. పిట్టల కోసం తిరిగేవాళ్లు గది చూడకముందే అడగాల్సిన మాట అది.

మొత్తం నాలుగు రోజులు తిరిగాం. కార్తీకం చివరి వారం, నా పాత బైకు, ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే బైనాక్యులర్ ఒకటి, వాడి ఫోను. ఈ రోజుల్ని ఏరి పెట్టుకోవడానికి కారణం ఉంది. వానలకు చెరువులు నిండి, మత్తడి దుంకడం ఆగిపోయి, నీళ్లు అంగుళం అంగుళం వెనక్కి తగ్గే కాలమిది. చలి దేశాల నుంచి బాతులు అప్పుడప్పుడే దిగుతుంటాయి. వానాకాలం పురుగులు ఇంకా పూర్తిగా పోయి ఉండవు. జనవరికి వెళ్తే బాతులు ఇంకా ఎక్కువ కనిపిస్తాయేమో గానీ తూనీగలు, సీతాకోకచిలుకలు పలచబడతాయి. రెండూ చూడాలంటే ఇదే అదను.

మొదటి రోజు హన్మకొండ ఊళ్లోనే, వడ్డేపల్లి చెరువు. హన్మకొండ, కాజీపేట వాళ్లకు అది నడకకు వెళ్లే కట్ట. షుగర్ ఉన్నవాళ్లు చేతులు ఊపుకుంటూ మన పక్క నుంచి వెళ్తుంటారు, "ఏం కనిపిస్తున్నది సార్?" అని ఆగి అడుగుతారు. మొదట్లో చిరాకనిపించింది, తర్వాత బైనాక్యులర్ వాళ్ల చేతికే ఇవ్వడం మొదలుపెట్టాను. ఒక పెద్దాయన నామాల కోళ్లను చూసి, పదిహేనేళ్లుగా ఇక్కడే నడుస్తున్నానని, అవన్నీ మామూలు బాతులనుకున్నానని ఆశ్చర్యపోయాడు. నల్లటి ఒళ్లు, నుదుటి మీద తెల్లటి నామం. ఒకసారి చూసినవాడు ఆ పేరు మర్చిపోడు. కరెంటు తీగల మీద వానకోయిలలు వరసగా కూర్చున్నాయి. పేరులో వానుంది కానీ ఇవి ఇక్కడికి వచ్చేది వాన వెళ్లిపోయాకే.

పురుగుల విషయంలో మాత్రం వడ్డేపల్లి చిత్రమైన చోటు. కాలనీల మురుగు వచ్చి కలిసే మూలన, ఎవరూ నిలబడని చోట, నారింజ రంగు తూనీగలు పదుల్లో వాలి ఉన్నాయి. రెక్కల్లోనూ అదే రంగు పట్టీ, ఎండ తగిలితే తేనె పూసినట్టు మెరుస్తుంది. మురికి నీళ్లను బాగా తట్టుకునే జాతి ఇది. అవి గుంపుగా కనిపిస్తే సంబరపడాలో, ఆ నీళ్ల గురించి దిగులుపడాలో అర్థం కాదు. పావుగంట ముక్కు మూసుకుని చూశాం.

భద్రకాళి చెరువుకు సాయంత్రం వెళ్లాం. 2024 నవంబరులో పూడిక తీయడానికి నీళ్లు వదిలేసినప్పుడు కూడా ఒకసారి వెళ్లాను. బురదలో చిక్కిన చేపల కోసం కొంగలు తెల్ల గుడ్డలు ఆరేసినట్టు కూర్చుని ఉన్నాయప్పుడు. చెరువు నిండుగా ఉంటే గుడికి అందం. కానీ ఉల్లంకి పిట్టలకు కావలసింది మడమ లోతు నీళ్లు, మెత్తటి బురద. రాళ్లు పేర్చిన గట్టు దాకా నీళ్లుంటే వాటికి కాలు పెట్టే జాగా ఉండదు. రెండు జిటంగి పిట్టలు తోకలు ఊపుతూ నడకదారి మీద తిరుగుతున్నాయి, అంతే. అమ్మవారి దర్శనం చేసుకుని, పులిహోర తిని, నర్సంపేట దారి పట్టాం.

ఈ దారి గురించి ఒక హెచ్చరిక. ఈ రోజుల్లో సగం రోడ్డు వడ్లదే. ఒక పక్క మొత్తం ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి పెడతారు. చీకట్లో ఆ రాళ్లు కనిపించవు. పొద్దు ఉండగానే చేరుకోవడం మంచిది. వెలుగుండగా వెళ్తే మరో లాభం కూడా ఉంది, దారి పొడుగునా కోత మిషన్లు నడుస్తుంటాయి. ఒక మడి దగ్గర బండి ఆపి చూశాం. మిషన్ ముందు నుంచి మిడతలు లేస్తున్నాయి, దాని వెనకే పశువుల కొంగలు పరుగులు. పైన తీగ మీద పసుల పోలిగాళ్లు కాపు కాసి, కొంగ నోటిదాకా వెళ్లినదాన్ని కూడా తన్నుకుపోతున్నాయి. పాలపిట్ట ఒకటి స్తంభం మీద బూడిద ముద్దలా కూర్చుంది. దసరాకు దీని కోసమా జనం ఊరి బయటికి వెళ్లేది అనిపించేలా ఉంది. అది రెక్క విప్పి దిగగానే, "అబ్బ!" అన్నాడు మావాడు. ఆ నీలం అంతా రెక్కల్లో దాచుకుంటుంది.

ఇక పాకాల. నర్సంపేట నుంచి పన్నెండు కిలోమీటర్లుంటుంది. షట్టర్ పుణ్యమా అని మేం చేరేసరికి గుట్టల మీదికి ఎండ వచ్చేసింది. అయినా ఈ చెరువు మమ్మల్ని చిన్నబుచ్చలేదు. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన చెరువు. మూడు పక్కలా అడవి, గుట్టలు, ఒక పక్క కట్ట. ఆ కట్ట మీద నిలబడితే అవతలి గట్టు పొగమంచులో ఆనవాలు పట్టలేనంత దూరం. అంత నీటిలో పిట్టల్ని వెతకడం మొదట్లో నీరసం తెప్పిస్తుంది. నడుమ కనిపించే నల్ల చుక్కలన్నీ బాతులే కానీ ఏ బాతులో చెప్పడం మా బైనాక్యులర్ వల్ల కాలేదు. స్టాండ్ మీద పెట్టే టెలిస్కోప్ ఉన్నవాళ్లు తప్పక తెచ్చుకోండి. మేం మాత్రం నడుము వంచి కట్ట అంచునే నడిచాం, అదే మేలైంది.

తుంగ దుబ్బుల పక్కన సూదితోక బాతులు పదకొండు. మగవాటి మెడ మీద తెల్ల గీత పైకి పాకినట్టు ఉంటుంది. ఎక్కడో సైబీరియా, మధ్య ఆసియా వైపు నుంచి వచ్చి ఖానాపురం మండలంలో తలకిందులుగా మునిగి గడ్డి తింటున్నాయి. వాటికి కాస్త ఎడంగా తామరాకుల మీద నెమలితోక జకానా నడుస్తున్నది. పుస్తకంలో బొమ్మ చూసి వచ్చిన మావాడు ఒప్పుకోలేదు, తోక ఏదీ అన్నాడు. ఆ పొడుగు తోక గుడ్లు పెట్టే కాలానిది, చలికాలానికి రాలిపోతుంది. గుడ్లు పొదిగేది, పిల్లల్ని పెంచేది మగదే అని చెప్తే వాడికి అది మరీ వింతగా తోచింది.

అక్కడ అరగంటకు పైగా ఒకే ఒక నత్తగుల్ల కొంగను చూశాం. దాని ముక్కు మూసినా నడుమ సందు మిగులుతుంది, విరిగి సరిగా అతకని పటకారులా. నీళ్లలో ముక్కు ముంచి వెతికి, గుల్లను బయటికి తీసుకొచ్చి, బురద మీద అదిమిపెట్టింది. పగలగొడుతుందనుకున్నాం, పగలగొట్టలేదు. కింది ముక్కు కొసను గుల్ల మూత పక్క నుంచి దూర్చి, తల అటూ ఇటూ వణికినట్టు ఆడించింది. మూత ఊడింది, మాంసం మొత్తం ఒక్క లాగుడుకు వచ్చింది. ఖాళీ గుల్ల చెక్కు చెదరకుండా పక్కన పడింది. అది ఎగిరిపోయాక వెళ్లి చూస్తే అలాంటి గుల్లలు అడుగడుగునా ఉన్నాయి. ఒక్కదానికీ పగులు లేదు.

కట్ట కింద ఒక చేపల మనిషి వల దులుపుతూ నాచు ఏరి పారేస్తున్నాడు. ఆ నాచులో బొటనవేలి గోరంత నీటి పురుగు ఒకటి, వీపు నిండా సగ్గుబియ్యం అంటించినట్టు గుడ్లు. ఆడది మగదాని వీపు మీద గుడ్లు అంటించి పోతుంది, అవి పిల్లలయ్యేదాకా మోసేది మగదే. మావాడు ముట్టుకోబోతే ఆయన ఆపాడు. "కరుస్తది బిడ్డా, మంట రెండు దినాలుంటది." మేం దాన్ని ఆకుతో ఎత్తి నీళ్లలో వదిలితే నవ్వి, "గీ పురుగు కోసమా అంత దూరం కెళ్లి వచ్చింది?" అన్నాడు. వచ్చింది పిట్టల కోసం. కానీ ఆ రోజు రాత్రి మావాడు ఇంటికి ఫోన్ చేసి మొదట చెప్పింది పురుగు సంగతే.

పాకాల దగ్గర తిండికి భరోసా పెట్టుకోకండి. మేం నర్సంపేట నుంచి తెచ్చుకున్న సర్వపిండి, నీళ్లు, అరటిపళ్లతో మధ్యాహ్నం దాకా గడిపాం. పదింటికల్లా పిట్టలు నీడలకు సర్దుకుంటాయి. అప్పటి నుంచి గట్టు కింది జిల్లేడు, గిలిగిచ్చ మొక్కల దగ్గర కూర్చోవాలి. ఎండిన గిలిగిచ్చ కొమ్మలకు నీలం మచ్చల సీతాకోకచిలుకలు వేలాడుతున్నాయి. పువ్వు లేదు, తేనె లేదు, మరి ఎందుకు? ఆ మొక్కలో ఒక చేదు రసాయనం ఉంటుంది. మగ సీతాకోకచిలుకలు దాన్ని పీల్చుకుని ఆడవాటిని ఆకర్షించే వాసన తయారు చేసుకుంటాయి. ఆ చేదు వల్ల వాటిని తిందామనుకున్న పిట్టలూ దూరంగా ఉంటాయి. అత్తరూ కవచమూ ఒకే కొమ్మలో.

మూడో రోజు మల్లంపల్లి మీదుగా ములుగు, జంగాలపల్లి దగ్గర మళ్లి పాలంపేట. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి జనం పెరిగారు, కానీ అందరూ గుడి చూసి వెనక్కి తిరుగుతారు. కిలోమీటరు దూరంలో ఉన్న చెరువు కట్ట మీదికి పొద్దున వచ్చేవాళ్లు తక్కువ. నల్లా తెలుపుల లకుముకి పిట్ట గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, రాయి పడ్డట్టు నీళ్లలో పడడం ఇక్కడ నాలుగుసార్లు చూశాం, ఒక్కసారి మాత్రమే చేప దొరికింది దానికి. ఆటోవాళ్లు మర్యాదగా ఉన్నారు, వెయిటింగ్ కూడా న్యాయంగానే అడిగారు.

లక్నవరం సంగతి వేరు. చల్వాయి నుంచి లోపలికి మళ్లి, బుస్సాపూర్ దాటి వెళ్తే దీవుల నడుమ వేలాడే వంతెనలు, పడవలు, కాటేజీలు. కుటుంబంతో ఒక రాత్రి ఉండాలంటే నేను ఎంచేది ఇదే. మేం పడ్డది ఆదివారం. పడవ మోటార్లు, వంతెన మీద సెల్ఫీలు, ఎవరి బ్లూటూత్ స్పీకర్ వాళ్లది. నీటికాకులు రెండు ఎండిన చెట్టు మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి, వాటికి ఈ గోల అలవాటైనట్టుంది. తక్కినవన్నీ చెరువు ఆ చివర వాగు కలిసే మూలకు సర్దుకున్నాయి, అక్కడికి నడిచే దారి మాకు దొరకలేదు. పిట్టల కోసమైతే మంగళ, బుధవారాల్లో వెళ్లి అక్కడే రాత్రి ఉండి, పడవలు కదలకముందే నీళ్ల పక్కకు చేరుకోవాలి. పూటకు వచ్చి పోయేవాళ్లకు చేపల పులుసు మాత్రం గ్యారంటీ, అది బాగుంది, కారం ఎక్కువ.

మళ్లీ వెళ్తే నర్సంపేటలో దిగను. హన్మకొండలో నాలుగున్నరకు బయల్దేరితే పాకాల కట్ట మీద తెల్లారుతుంది. చలికి స్వెట్టర్, మెడకు మఫ్లర్ ఉంటే చాలు.

నాలుగో రోజు తిరుగుదారిలో, మల్లంపల్లి దాటాక, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల పైన పసుపు తూనీగలు మేఘంలా తిరుగుతున్నాయి. వాలడం లేదు, అలా తేలుతున్నాయి. రెండంగుళాలు కూడా ఉండవు. ఈ జాతి తూనీగలు ఏటా ఈ రోజుల్లో మన దేశం నుంచి గాలివాటున మాల్దీవుల మీదుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు పోతాయని 2009లో చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త రాశాడు. గుడ్లు పెట్టడానికి చెరువులు, కుంటలు దాదాపుగా లేని ఆ దీవుల్లో ప్రతి అక్టోబరుకు ఇన్ని తూనీగలు ఎక్కడి నుంచి వస్తున్నాయన్న అనుమానంతో మొదలైందట ఆయన వెతుకులాట. మావాడు బండి దిగి తల పైకెత్తి నిలబడ్డాడు. "ఇవి గూడ పోతయా చిన్నబాపూ?" అన్నాడు. ఇవే పోతాయో, వీటి తోటివి పోతాయో నేనెలా చెప్పను.

కాలితో వడ్లు తిరగేస్తున్న అవ్వ మా ఇద్దరినీ, ఆకాశాన్నీ ఒకసారి చూసింది.

"చూసుడు చూడుండ్రి గానీ, బండి జర పక్కకు తియ్యి బిడ్డా. చక్రం వడ్ల మీదున్నది."