ఓలెడ్ స్విచ్ ఉండగా స్విచ్ 2 కొనాలా?

స్విచ్ అంటే చేత్తో పట్టుకునీ, టీవీకి కలిపీ ఆడుకునే నింటెండో గేమ్ మెషీన్. అందులో ఓలెడ్ తెర ఉన్న రకం చేతిలో ఉండి, దాని తర్వాతి తరం స్విచ్ 2 మీద మనసు పడ్డవాళ్ళకి నా మాట ముందే చెప్పేస్తాను. ఎక్కువగా టీవీకి కలిపి ఆడేవాళ్ళయితే మారిపోండి. బస్సులోనో, మంచం మీద వాలిపోయో చేత్తో పట్టుకుని ఆడేవాళ్ళయితే తొందరపడకండి. 2017లో వచ్చిన మొదటి స్విచ్‌నే ఇంకా లాగిస్తున్నవాళ్ళకి ఇంత తర్జనభర్జన అక్కర్లేదు, మారొచ్చు.

టీవీ మీద తేడా బాగానే కనిపిస్తుంది. ఓలెడ్ డాక్ (టీవీకి కలిపే స్టాండు) 1080పి స్పష్టత దగ్గర ఆగిపోతుంది, స్విచ్ 2 డాక్ ఇంకా స్పష్టమైన 4కె దాకా వెళ్తుంది. జెల్డా ‘టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్’ పాతదాంట్లో సెకనుకి 30 ఫ్రేములు, అదీ అప్పుడప్పుడూ తడబడుతూ. కొత్తదాంట్లో 60, కాకపోతే అప్‌గ్రేడ్ ప్యాక్‌కి విడిగా డబ్బు కట్టాలి. ‘మారియో కార్ట్ వరల్డ్’ అయితే స్విచ్ 2లో తప్ప ఆడలేం. సంక్రాంతికి పిల్లలంతా చేరే కోనసీమ ఇళ్ళలో గేమ్‌షేర్ కూడా పనికొస్తుంది. ఆ సదుపాయం ఉన్న ఆటల్ని స్విచ్ 2 నుంచి పక్కనున్న పాత స్విచ్‌కి పంచి కలిసి ఆడుకోవచ్చు. అందుకే కొత్తది కొన్నా పాతది అమ్మకండి.

చేతిలో ఆడేవాళ్ళకి అసలు చిక్కు బ్యాటరీ. నింటెండో చెప్పే లెక్కే తీసుకున్నా ఓలెడ్ 4.5 నుంచి 9 గంటలు వస్తుంది, స్విచ్ 2 రెండు నుంచి 6.5 గంటలు. అమలాపురానికి రైలు లేదు, హైదరాబాదంటే రాత్రి బస్సే. బరువైన ఆట పెడితే తాడేపల్లిగూడెం దాటేసరికి స్విచ్ 2కి ఛార్జింగ్ వెతుక్కోవాలి. పవర్ బ్యాంకు ఉందిగా అంటారు. ఉంది, కానీ ఓలెడ్ 420 గ్రాములైతే స్విచ్ 2 ఒక్కటే 530 పైమాటే, దానికి తోడు వేలాడే వైరు. స్విచ్ 2 తెర పెద్దదే, 7.9 అంగుళాలు, 120 హెర్ట్జ్ (సెకనుకి 120 సార్లు బొమ్మ మార్చగలదు). అయినా అది ఓలెడ్ కాదు, ఎల్‌సీడీయే. లైట్లు తీసేసిన బస్సులో ఓలెడ్ చూపించే చిక్కటి నలుపు దీనికి రాదు.

ఖర్చు మెషీన్ ధరతోనే అయిపోదు. పాత మైక్రో ఎస్‌డీ కార్డులో స్విచ్ 2 ఆటలు పెట్టుకోలేం, మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే వేగమైన కార్డు కొనాల్సిందే. లోపల 256 జీబీ ఉంది కాబట్టి కొన్నాళ్ళు గడుస్తుంది. ఆటల కార్డుల్లో గేమ్-కీ కార్డులని కొన్ని వస్తున్నాయి, వాటిలో ఆట ఉండదు, మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఇంట్లో ఫైబర్ లేక ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చేవాళ్ళకి అది నరకం.

రిపేరు సంగతి కూడా చూసుకోండి. మన దేశంలో నింటెండో నేరుగా అమ్మదు. పాత జాయ్-కాన్ (పక్కన తగిలించే కంట్రోలర్) స్టిక్ ముట్టుకోకుండానే పక్కకి లాగేస్తుంటే విడిభాగం ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది, చేయి తిరిగిన సెల్ రిపేరు కుర్రాడు మార్చేస్తాడు. స్విచ్ 2 బ్యాటరీ గట్టి జిగురుతో అంటించి ఉంటుంది, తెలియని చేతికి ఇవ్వకండి.

ఇన్ని విన్నాక కూడా కొనాలనుంటే అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చే బంధువులతో తెప్పించుకోండి. జపాన్‌లో చవగ్గా ఉందని ఎవరైనా ఊరిస్తే, అది జపనీస్ భాషకే, జపాన్ ఖాతాలకే పనిచేసే రకమా కాదా అని డబ్బు పంపకముందే పెట్టె ఫోటో అడిగి చూసుకోండి.