మారతహళ్ళి డీబీఎంఎస్ ట్యూషన్: సార్‌కి ఐదు స్టార్లు, ఆఫీసుకి ఒకటి

డీబీఎంఎస్ (డేటాబేస్ సబ్జెక్టు)లో నార్మలైజేషన్, అంటే ఒకే విషయం పదిచోట్ల రాయకుండా టేబుళ్ళని విడగొట్టడం, బుర్రకెక్కక ఎక్కడైనా చేరదామని వెతుకుతున్నవాళ్ళ కోసం రాస్తున్నా. తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి పేరు చెప్పను. బెంగళూరు మారతహళ్ళి బ్రిడ్జికి దగ్గర్లో, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. శని, ఆదివారాలు, ఆరు వారాలు, ఆరు వేలు, మొత్తం ముందే కట్టాలి. క్లాసు ఇంగ్లీషులో అంటారు గానీ సార్‌ది అనంతపురం, ఎదురుగా సగానికి పైగా మనోళ్ళే, పది నిమిషాలకల్లా తెలుగులోకి దిగిపోతారు. మిగతావాళ్ళని చూస్తే పాపం అనిపిస్తుంది.

నార్మలైజేషన్‌లో ఒక్కో మెట్టుని నార్మల్ ఫామ్ అంటారు. రెండో నార్మల్ ఫామ్ అంటే పార్షియల్ డిపెండెన్సీ ఉండకూడదు అని కాలేజీలో బట్టీ పట్టా, రాశా, మార్కులూ వచ్చాయి. ఏది దేని మీద ఆధారపడుతోందో చూపించమంటే మాత్రం నోరు లేచేది కాదు.

ఈ సార్ మొదటి రోజు ఒక్క నిర్వచనం కూడా చెప్పలేదు. బోర్డు మీద పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) అద్దె రిజిస్టర్ గీశారు: స్టూడెంట్ నంబరు, నెల, పేరు, ఫోన్లు, రూమ్, రూమ్ అద్దె, కట్టిన డబ్బు. ఒకే గడిలో రెండు ఫోన్ నంబర్లు కుక్కారు, గడికి ఒకటే ఉండాలన్న మొదటి ఫామ్ అక్కడే పోయింది. స్టూడెంట్ నంబరు, నెల కలిస్తేనే కీ, అంటే ఒక్కో వరసని గుర్తుపట్టేది. మరి పేరు తెలియడానికి నెలతో పనేముంది? కీలో సగం చాలు, అదే పార్షియల్. అద్దె తెలియాలంటే రూమ్ తెలిస్తే చాలు, రూమ్ కీ కాదు, కీ నుంచి రూమ్ మీదుగా అద్దె తేలుతోంది, అది ట్రాన్సిటివ్, మూడో ఫామ్ గొడవ. తర్వాత 204లో ఉన్న ఒక్కడి వరసలన్నీ డస్టర్‌తో తుడిచేసి "ఇప్పుడు 204 అద్దె ఎంతమ్మా?" అన్నారు. అందరం నోళ్ళు వెళ్ళబెట్టాం. ఒకటి తుడిస్తే ఇంకో సమాచారమూ పోవడం, దానికి డిలీషన్ అనామలీ అనే మాట ఆ తర్వాతే చెప్పారు.

వెనక బెంచీ కుర్రాడు "జూన్‌లో అద్దె పెంచితే పాత నెలల లెక్క ఏమవుతుంది సార్?" అని అడిగాడు. విసుక్కుంటారనుకున్నా. లేదు, అరగంట దాని మీదే. అప్పుడు రూమ్ ఒక్కటే చాలదు, రూమ్, నెల కలిస్తే అద్దె తేలుతుంది, కాబట్టి అద్దెల టేబుల్‌కి కీ ఆ రెండూ. అంటే ఏ ఫామ్‌లో ఉందో టేబుల్‌ని చూసి చెప్పలేం, పీజీ ఓనర్ నియమాలు అడగాలి. నాకు లైటు వెలిగింది ఇక్కడే.

బీసీఎన్ఎఫ్ (బాయిస్-కాడ్ నార్మల్ ఫామ్) మాత్రం చుట్టేశారు. 1970లో ఐబీఎంలో ఉన్న కాడ్ డేటాని టేబుళ్ళుగా పెట్టడం గురించి రాసిన పేపరు, 1971లో రెండు మూడు ఫామ్‌లు, మూడోదాంట్లో మిగిలిన సందు పూడ్చడానికి 1974లో బాయిస్, కాడ్‌ల పేరుతో ఇది, అని కథ చెప్పేసరికే టైమైపోయింది. ఒక సార్ ఒకే సబ్జెక్టు చెప్తారు, ఒక స్టూడెంట్ ఒక సబ్జెక్టుకి ఒకే సార్ దగ్గరికి వెళ్తాడు, ఈ టేబుల్ మూడో ఫామ్‌లో ఉన్నా బీసీఎన్ఎఫ్‌లో ఎందుకు లేదు? దీన్ని మేం ముగ్గురం కింద ఆంధ్రా మెస్‌లో పప్పు అన్నం తింటూ బిల్లు వెనక గీసుకుని తేల్చుకున్నాం. బీసీఎన్ఎఫ్‌లో దేన్ని బట్టి ఇంకోటి తేలుతుందో అది కీ అయ్యుండాలి, ఇక్కడ సార్‌ని బట్టి సబ్జెక్టు తేలిపోతోంది గానీ సార్ కీ కాదు. విడగొడితే ఇంకో తంటా, ఒకడు ఒకే సబ్జెక్టుకి ఇద్దరు సార్ల దగ్గర చేరినా ఏ టేబులూ ఒంటరిగా పట్టుకోలేదు. నాలుగు, ఐదు ఫామ్‌లు అసలు ముట్టుకోలేదు, మా సిలబస్‌కి పర్లేదు.

ఇక ఆఫీసు. చేరేటప్పుడు నాన్న నంబరిచ్చా, తర్వాత నాది రాయమన్నా. ఫీజుల ఎక్సెల్‌లో మార్చారు, హాజరు ఎక్సెల్‌లో మర్చిపోయారు. నాలుగో వారం క్లాసు లేదన్న మెసేజ్ నెల్లూరులో నాన్నకి వెళ్ళింది, నేను సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గంట నలిగి తాళం వేసిన తలుపు దగ్గర నిలబడ్డా. ఒకే నంబరు రెండు చోట్ల రాస్తే ఇదే గతి. సార్‌కి చెప్తే నవ్వి, మరుసటి క్లాసులో ఆ రెండు ఎక్సెల్‌లనే బోర్డు మీద గీశారు.