ఓడ కిరాయిలో సాయమా, బిల్లులకు చట్టమా: ఏది మేలు?

మా నెల్లూరు వైపు రొయ్యలు ఎగుమతి చేసేవాళ్లు నలుగురు కూడితే ఢిల్లీకి పెట్టుకునే అర్జీ ఒకటే: ఓడ కిరాయిలో కొంత భరించండి. 2019లో కేంద్రం కొన్ని వ్యవసాయ ఉత్పత్తులకు అలాంటి సాయం మొదలుపెట్టింది కూడా. మంచి పనే. అయితే అందులో కిరాయి ముందు ఎగుమతిదారే కట్టాల్సి వచ్చేది, కాగితాలన్నీ పెట్టాక డబ్బు వచ్చేది. పెద్ద ప్లాంటు ఓర్చుకుంటుంది. అప్పు తెచ్చి సరుకు కొనే చిన్నవాడికి ఈలోగా వడ్డీ పెరుగుతుంది. ఓడ కంపెనీ కిరాయి పెంచిందంటే ఆ సాయమూ వాళ్లకే పోతుంది.

అమెరికా రైతు సరుకు ఎగుమతిదారులు ఇంకో దారి పట్టారు. 2021లో ఓడలు వాళ్ల పంటను వదిలేసి, ఖాళీ కంటైనర్లతో ఆసియాకు తిరిగొచ్చాయి. ఆసియా నుంచి అమెరికాకు సరుకు మోస్తే వచ్చే కిరాయి అంత ఎక్కువ మరి. వాళ్లు గట్టిగా అడిగి, 2022 జూన్‌లో చట్టం తెప్పించుకున్నారు. సరైన కారణం లేకుండా ఎగుమతి సరుకుకు ఓడలో చోటు లేదనకూడదు. డిటెన్షన్ (కంటైనర్‌ను గడువు దాటి ఉంచుకున్నందుకు అద్దె), డెమరేజ్ (గడువు దాటి రేవులో పడి ఉన్నందుకు రుసుము) బిల్లు మీద ఫ్రీ డేస్, అంటే రుసుము లేని రోజులు, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిశాయో రాయాలి, రాయకపోతే కట్టనక్కర్లేదు. ఆ వసూలు న్యాయమైనదని చూపాల్సిన బాధ్యత ఓడ కంపెనీది.

నేను దీనివైపే. 2024 మొదట్లో కృష్ణపట్నం రేవుకు కంటైనర్ ఓడలు రావడం ఆగింది. పాతిక కిలోమీటర్లలో రేవు ఉండగా మా ట్రైలర్లు చెన్నై దారి పట్టాయి. ఆ ఏడాదే ఎర్రసముద్రం దాడులకు జడిసి ఓడలు ఆఫ్రికా చుట్టి తిరిగాయి, తేదీలన్నీ తారుమారు. మా కంటైనర్ కటాఫ్‌కు, అంటే సరుకు రేవులో అప్పగించాల్సిన ఆఖరి గడువుకు, ముందే గేటు దాటింది. ఓడ వారం ఆలస్యం. లోపల రొయ్య మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి కాబట్టి ఆ వారం కరెంటు ఖర్చు, కంటైనర్ అద్దె ఓడ కంపెనీవాళ్లు మా పేరునే వేశారు. కడితేనే బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కించుకున్నామని ఓడ కంపెనీ ఇచ్చే పత్రం) ఇస్తామన్నారు. అది లేనిదే బ్యాంకులో డబ్బు పుట్టదు. కట్టాం. కిరాయి సాయం ఎంత వచ్చినా ఈ దెబ్బకు మందు కాదు.

చట్టం ఉంటే చాలదు, ఫిర్యాదు వినేవాళ్లూ ఉండాలి. అమెరికాలో అందుకు ఫెడరల్ మారిటైమ్ కమిషన్ ఉంది. మనకూ అలాంటిది కావాలని రొయ్యలవాళ్లం ఒక్కళ్లమే అడిగితే వినరు. ఒంగోలు పొగాకు, చీమకుర్తి గ్రానైట్ పంపేవాళ్లూ మాతో సంతకం పెట్టాలి. ఓడ ఆలస్యమైన రోజులకు ఎగుమతిదారుడి దగ్గర వసూలు చేయకూడదన్నది అర్జీలో మొదటి వాక్యంగా ఉండాలి, కిరాయి సాయం మాట ఆ తర్వాత.