స్టెబిలైజేషన్ ఉన్న లెన్సా, లేనిదా? నాలుగేళ్ల వాడకం తర్వాత

నా కెమెరా కెనాన్ 1500డి. దాంతో వచ్చిన 18-55 ఎంఎం లెన్స్ పేరులో ఐఎస్ (ఇమేజ్ స్టెబిలైజర్, అంటే మన చేతి వణుకుని లెన్సే సర్దేసే ఏర్పాటు) అని ఉంటే అదేంటో పట్టించుకోలేదు. పక్షుల పిచ్చి పట్టాక, చవకగా వస్తోందని స్టెబిలైజేషన్ లేని 75-300 ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నా. "ఎండ ఉంటే అది అక్కర్లేదు సార్" అన్నాడు అమ్మినాయన. నిజమే చెప్పాడు. కాకపోతే పక్షులు దొరికేది తెల్లారగట్లే కదా.

పొద్దున ఆరున్నరకి బెంగళూరు మడివాళ చెరువు గట్టు మీద నిలబడి, 300కి జూమ్ చేసి చూస్తే కొంగ పడవలా ఊగేది. ఊగేది కొంగ కాదు, నా చేతులు. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు ఫోకల్ లెంత్ (లెన్స్ మీద ఉండే ఎంఎం అంకె) ఎంతో, షట్టర్ సెకనులో అన్నో వంతు కంటే ఎక్కువసేపు తెరిచి ఉండకూడదని ఒక లెక్క. మా కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి ఆ అంకెని 1.6తో గుణించాలి. 300కి 480, అంటే షట్టర్ 1/500 అయినా ఉండాలి. ఆ మసక వెలుతురులో 1/500 కావాలంటే ఐఎస్ఓ (వెలుతురుని పెంచి చూపే సెట్టింగు, పెంచేకొద్దీ ఫొటో గరుకవుతుంది) 6400. ఈకల మీద ఇసుక చల్లినట్టుండేది ఫొటో.

ఆర్నెల్లు అవస్థ పడి 55-250 ఐఎస్ తీసుకున్నా. షట్టర్ బటన్ సగం నొక్కితే లోపల సన్నగా గుర్రుమంటుంది, ఊగుతున్న బొమ్మ టక్కున నిలబడిపోతుంది. మొదటిసారి చూస్తూ ఉండిపోయి ఫొటో తీయడమే మర్చిపోయాను. అదే చోట ఇప్పుడు 1/60, ఐఎస్ఓ 800లో పదికి ఆరేడు బాగా వస్తాయి. కొంగ కదలకుండా ఉంటేనే సుమా. మెడ తిప్పిందంటే మెడంతా అలికేసినట్టే.

ఈ తేడా నాకు బాగా తెలిసింది ఇక్కడి కేఆర్ మార్కెట్ పూల బజారులో. తెల్లవారుజామున బల్బు వెలుతురులో 18-55తో 1/8 దగ్గర తీశాను. చామంతి రాశిలో రేకులు లెక్కపెట్టుకోవచ్చు. మాల కడుతున్నామె వేళ్లు మాత్రం పొగలా ఉన్నాయి. లెన్స్ ఆపగలిగింది నా వణుకునే, ఆమె వేళ్లని కాదు.

ఇంట్లో మా వాడు సోఫా మీద ఎగురుతుంటే ఐఎస్ పనికిరాదు. అక్కడ స్టెబిలైజేషన్ లేని 50ఎంఎం ఎఫ్/1.8 నయం (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు లోపలికి రానిస్తుంది). జూమ్ లెన్స్ 50 దగ్గర ఎఫ్/5.6కి 1/20 ఇస్తే, ఇది 1.8లో 1/200 ఇస్తుంది. పిల్లల ఫొటోలకే లెన్స్ అయితే ఐఎస్ లేదని బెంగ పెట్టుకోకండి.

టెలీ జూమ్ (దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే లెన్స్) అయితే మాత్రం రెండు మూడు వేలకి కక్కుర్తి పడొద్దు, స్టెబిలైజేషన్ ఉన్నదే కొనండి. కెనాన్‌లో ఐఎస్, నికాన్‌లో వీఆర్, ట్యామ్రాన్‌లో వీసీ, సోనీలో ఓఎస్ఎస్ అని రాసుంటుంది. బాడీలోనే స్టెబిలైజేషన్ ఉన్న కెమెరా అయితే ఇంత ఆలోచించక్కర్లేదు. వీడియోకి నిలబడి తీస్తే స్టెబిలైజేషన్ బాగా సాయపడుతుంది, నడుస్తూ తీస్తే దాని వల్ల కాదు.

పాత 75-300 ఇంకా బీరువాలో ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో 1/1000కి అదీ శుభ్రంగా తీస్తుంది. కానీ ఆ టైముకి కొంగలు నీడకి, నేను భోజనానికి వెళ్లిపోతాం.